మూడుల్‌లో పాత యూజర్ల మెయిల్ సెట్టింగ్‌ను డేటాబేస్‌లో నేరుగా మార్చొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ నడుపుతున్నారు, వెనక మరియాడీబీ అనే డేటాబేస్ ఉంది. ఫోరమ్‌లో ఎవరు ఏం రాసినా పోస్టుకో మెయిల్ వెళ్తోంది, జనం విసిగిపోయారు. అడ్మిన్ స్క్రీన్‌లో యూజర్ డిఫాల్ట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి రోజుకో డైజెస్ట్ (ఆ రోజు పోస్టులన్నీ కలిపి ఒకే మెయిల్) అని మార్చారు. కొత్తగా చేరినవాళ్లకు అది పట్టింది, పాతవాళ్లకు మాత్రం ఎప్పటిలాగే పోస్టుకో మెయిల్ పోతూనే ఉంది. డేటాబేస్‌లో నేరుగా ఒక అప్‌డేట్ (విలువలు మార్చే ఆదేశం) కొడితే పనైపోతుందా, ఏమైనా విరుగుతుందా అన్నది మీ సందేహం. దాంతోపాటు మెయిల్ అడ్రసుల డొమైన్ కూడా ఒకేసారి మార్చొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, డైజెస్ట్ సెట్టింగ్‌ను నేరుగా మార్చొచ్చు, ఏమీ విరగదు. అది యూజర్ టేబుల్‌లో మెయిల్‌డైజెస్ట్ అనే ఒకే ఒక కాలమ్. 0 అంటే పోస్టుకో మెయిల్, 1 అంటే రోజుకొకసారి పోస్టులన్నీ పూర్తిగా, 2 అంటే రోజుకొకసారి సబ్జెక్ట్ లైన్లు మాత్రమే. కానీ ఇదే ధైర్యంతో పక్కనున్న మిగతా మెయిల్ సెట్టింగులను కూడా మార్చబోతే దెబ్బ తింటారు. ఎందుకంటే చాలా సాఫ్ట్‌వేర్లలో సెట్టింగ్ అంటే డేటాబేస్‌లో కనిపించే రో (టేబుల్‌లో ఒక అడ్డు వరుస) ఒక్కటే కాదు. కొంత రోలో ఉంటుంది, కొంత కోడ్‌లోని డిఫాల్ట్‌లో ఉంటుంది, కొంత లాగిన్ అయి ఉన్న మనిషి సెషన్‌లో (లాగిన్ ఉన్నంతసేపు సర్వర్ గుర్తుంచుకునే సమాచారంలో) ఉంటుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. (పేర్లన్నీ పలికే తీరులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మీ టేబుల్‌లో ఉన్నట్టే కొట్టండి.)

ముందు డేటాబేస్ జోలికి పోకుండా జరిగే దారి చెప్తాను. మూడుల్‌లో యూజర్లను సీఎస్‌వీ ఫైల్‌తో (కామాలతో విడదీసిన పట్టికతో) అప్‌లోడ్ చేసే స్క్రీన్ ఉంది కదా, అది కొత్తవాళ్లను చేర్చడానికే అనుకుంటారు చాలామంది. అందులో ‘ఉన్న యూజర్లను మాత్రమే అప్‌డేట్ చెయ్యి’ అనే ఎంపిక కూడా ఉంది. ఫైల్‌లో యూజర్‌నేమ్, మెయిల్‌డైజెస్ట్ అనే రెండు కాలమ్‌లు పెట్టి, ఉన్న వివరాలను ఫైల్‌లోని వాటితో మార్చమని చెప్తే చాలు. యూజర్‌నేమ్‌ల జాబితాను బల్క్ యూజర్ యాక్షన్స్‌లోంచే దించుకోవచ్చు. ఈ దారిలో పోతే మార్పు మూడుల్ చేతుల మీదుగా జరుగుతుంది, ప్రతి యూజర్‌కీ ‘యూజర్ అప్‌డేట్ అయ్యారు’ అన్న ఈవెంట్ లాగ్‌లో పడుతుంది. నేరుగా అప్‌డేట్ కొడితే లాగ్‌లో ఏమీ ఉండదు. ఆరు నెలల తర్వాత ‘నా సెట్టింగ్ ఎవరు మార్చారు?’ అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఆధారం ఉండదు. నా మాట వింటే ఇదే చెయ్యండి.

కొన్నిసార్లు సీఎస్‌వీతో కుదరదు. యూజర్లు మరీ ఎక్కువై బ్రౌజర్ మధ్యలో టైమ్ అవుట్ కావచ్చు, లేదా మార్చాల్సినవాళ్లను ఎంచే షరతు సంక్లిష్టంగా ఉండొచ్చు. అప్పుడు నేరుగా వెళ్లక తప్పదు. అప్పుడు కూడా నేను ముందు చూసేది ఒక్కటే:

ఈ విలువ యూజర్ స్వయంగా ఎంచుకున్నదా, మనం ఇచ్చిన డిఫాల్టా? మెయిల్‌డైజెస్ట్ కాలమ్‌లో 0 కనిపిస్తే అది డిఫాల్ట్‌గా వచ్చిన 0 కావచ్చు, ‘నాకు ప్రతి పోస్టూ వెంటనే కావాలి’ అని కోరి పెట్టుకున్న 0 కూడా కావచ్చు. ఆ రెంటికీ తేడా డేటాబేస్‌కు తెలియదు. లాగ్‌లో వెతికినా ఫలానావాళ్లు ప్రొఫైల్ మార్చారని తెలుస్తుందే తప్ప ఏ గడి మార్చారో తెలియదు. కాబట్టి ముందుగా సైట్‌లో ఒక ప్రకటన పెట్టండి: ఫలానా రోజు నుంచి అందరికీ డైజెస్ట్, వద్దనుకునేవాళ్లు ఫోరమ్ ప్రిఫరెన్సెస్‌లో తిరిగి మార్చుకోవచ్చు అని. ముఖ్యంగా బోధించేవాళ్లను ఈ మార్పులోంచి మినహాయించండి. విద్యార్థి ఉదయం అడిగిన సందేహం వాళ్లకు సాయంత్రం డైజెస్ట్‌లో కనబడితే ఆ గొడవ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

1 గానీ 2 గానీ ఉన్నవాళ్లు మాత్రం కచ్చితంగా తమంతట తాము మార్చుకున్నవాళ్లే, మీ కొత్త డిఫాల్ట్‌తో చేరినవాళ్లు తప్ప. వాళ్లను ముట్టుకోవద్దు. అంటే షరతులో మెయిల్‌డైజెస్ట్ 0కి సమానం అని తప్పకుండా ఉండాలి. దాంతోపాటు డిలీటెడ్ 0 అని కూడా పెట్టండి. మూడుల్ యూజర్‌ను తీసేసినా రో అలాగే ఉంచి డిలీటెడ్ కాలమ్‌లో 1 వేస్తుంది. వాటిని మార్చినా నష్టం లేదు గానీ మీ లెక్క తప్పుతుంది, తర్వాత సరిచూసుకునేటప్పుడు అయోమయం. గెస్ట్ అకౌంట్‌ను కూడా వదిలెయ్యండి.

ఒక్కో ఫోరమ్‌కు విడిగా డైజెస్ట్ పెట్టుకునే వీలు కూడా మూడుల్‌లో ఉంది. అది ఫోరమ్_డైజెస్ట్స్ అనే వేరే టేబుల్‌లో ఉంటుంది, యూజర్ టేబుల్‌లోని విలువ మీద అదే నెగ్గుతుంది. అప్‌డేట్ అయ్యాక కూడా కొద్దిమందికి ఫలానా ఫోరమ్ నుంచి పోస్టుకో మెయిల్ వెళ్తుంటే కారణం అక్కడ వెతకండి. అది వాళ్లు కావాలని పెట్టుకున్నది, అలాగే ఉండనివ్వండి.

ఇక అసలు పని. టెర్మినల్‌లోంచి చెయ్యండి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (బ్రౌజర్‌లోంచి డేటాబేస్ నడిపే పనిముట్టు) ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ఖాయం చేసే, రోల్‌బ్యాక్‌తో వెనక్కి తిప్పే మార్పుల కట్ట) మొదలుపెట్టి, అప్‌డేట్ కొట్టి, ఇంకో పేజీలో ఫలితం చూసుకుని, అప్పుడు కమిట్ చేద్దాం అనుకుంటే కుదరదు. అక్కడ ప్రతి క్లిక్కుకూ కనెక్షన్ కొత్తది, పాత కనెక్షన్‌తో పాటే మీ ట్రాన్సాక్షన్ కూడా పోతుంది. మీకు పీహెచ్‌పీమైఅడ్మిన్ ఒక్కటే ఉంటే కనీసం అందులోని ‘సిమ్యులేట్ క్వెరీ’ బటన్ నొక్కి ఎన్ని రోలు తగులుతాయో ముందు చూసుకోండి.

నేను చేసే వరుస ఇలా ఉంటుంది. మొదట అదే షరతుతో సెలెక్ట్ కౌంట్ (ఎన్ని రోలు తగులుతాయో లెక్క) కొట్టి ఆ అంకె రాసుకుంటాను. తర్వాత ఆ షరతుకు తగిలే ఐడీలు, పాత విలువలు ఒక చిన్న కొత్త టేబుల్‌లోకి కాపీ చేస్తాను. మొత్తం డేటాబేస్ బ్యాకప్ ఎలాగూ ఉండాలి, కానీ ఒక కాలమ్ వెనక్కి తిప్పడానికి మొత్తం బ్యాకప్‌ను రీస్టోర్ చేయలేం కదా, ఈలోగా జనం రాసిన పోస్టులన్నీ పోతాయి. ఈ టేబుల్ తయారీ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టక ముందే అవ్వాలి. మైఎస్‌క్యూఎల్‌లో గానీ దాన్నుంచే పుట్టిన మరియాడీబీలో గానీ ట్రాన్సాక్షన్ మధ్యలో మామూలు టేబుల్ సృష్టిస్తే అప్పటిదాకా చేసింది చెప్పాపెట్టకుండా కమిట్ అయిపోతుంది. ఆ తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ కొడతాను. అప్పుడు వచ్చే లైన్‌లో రెండు అంకెలు ఉంటాయి: ఎన్ని రోలు షరతుకు తగిలాయి, ఎన్ని నిజంగా మారాయి. రాసుకున్న అంకెతో రెండూ సరిపోతేనే కమిట్, లేదంటే రోల్‌బ్యాక్.

రోల్‌బ్యాక్ పని చేస్తుందా అన్నది ముందే చూసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ డిఫాల్ట్ ఇంజిన్ (టేబుళ్లను దాచే పద్ధతి) అయింది 5.5 వెర్షన్‌తో, 2010లో. అంతకు ముందు పుట్టి అప్‌గ్రేడ్ అవుతూ వచ్చిన డేటాబేసుల్లో కొన్ని టేబుళ్లు ఇంకా మైఐసామ్‌లోనే మిగిలిపోయి ఉంటాయి. మైఐసామ్‌కు ట్రాన్సాక్షన్ అంటే తెలియదు. కొట్టిన అప్‌డేట్ ఆ క్షణానే పక్కా అయిపోతుంది, రోల్‌బ్యాక్ అంటే ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. నేను చూసిన ఒక పాత సర్వర్‌లో సరిగ్గా యూజర్ టేబుల్ ఒక్కటే అలా మిగిలి ఉంది, మిగతావన్నీ ఇన్నోడీబీ. షో టేబుల్ స్టేటస్ కొడితే ఇంజిన్ పేరు కనిపిస్తుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. వేర్ షరతు (ఏ రోలు మార్చాలో చెప్పేది) మర్చిపోయి ఎంటర్ కొట్టేవాళ్లు లోకంలో ఎంతమంది ఉన్నారంటే, మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లో సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్‌కు ‘ఐ యామ్ ఎ డమ్మీ’ అని ఇంకో అధికారిక పేరే ఉంది. దాంతో లోపలికి వెళ్తే కీ కాలమ్‌తో షరతు గానీ, లిమిట్ గానీ లేని అప్‌డేట్‌ను ఒప్పుకోదు. ఆ పేరు చూసి నామోషీ పడకుండా వాడండి.

కమిట్ అయిన వెంటనే మెయిళ్లు ఆగిపోవాలని ఆశించొద్దు. మూడుల్‌లో పోస్టు రాసిన వెంటనే మెయిల్ వెళ్లదు. ఎడిట్ చేసుకోవడానికి ఇచ్చే గడువు, డిఫాల్ట్‌గా 30 నిమిషాలు, దాటాక క్రాన్ (నిర్ణీత సమయాల్లో దానంతటదే నడిచే పని) దాన్ని అందుకుని వరుసలో పెడుతుంది. మీరు కమిట్ చేసే సరికి వరుసలో పడిపోయినవి పాత పద్ధతిలోనే వెళ్తాయి. డైజెస్ట్ వెళ్లే సమయం డిఫాల్ట్‌గా సాయంత్రం 5 గంటలు. కాబట్టి మొదటి డైజెస్ట్ వెళ్లేదాకా ‘మెయిళ్లు మొత్తం ఆగిపోయాయి’ అని కొందరు ఫిర్యాదు చేస్తారు, టెన్షన్ పడకండి. వరుసను ఖాళీ చేద్దామని పోస్ట్‌ఫిక్స్ (సర్వర్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్) క్యూ మొత్తాన్ని తుడిచేసే పని మాత్రం అస్సలు చేయొద్దు. పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు కూడా అందులోనే ఉంటాయి.

ఇప్పటిదాకా చెప్పింది తేలిక భాగం. డైజెస్ట్ మాత్రమే కాక ‘ఫలానా రకం నోటిఫికేషన్‌కు మెయిల్ వద్దు’ అనే సెట్టింగ్‌ను కూడా ఇలాగే మార్చుదాం అనుకుంటే కథ వేరు. అది యూజర్_ప్రిఫరెన్సెస్ అనే టేబుల్‌లో పేరు, విలువ అనే జంటలుగా ఉంటుంది. ఫోరమ్ పోస్టులకైతే మెసేజ్ ప్రొవైడర్ అని మొదలై ఎనేబుల్డ్ అని ముగిసే పేరు, విలువలో పాపప్, ఈమెయిల్ అని కామాతో రాసి ఉంటుంది. 4.0 కన్నా ముందు లాగిన్ అయి ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి అని రెండు రోలు ఉండేవి, 4.0లో రెంటినీ కలిపేశారు. పాత బ్లాగుల్లో దొరికే క్వెరీలు ఇప్పుడు పని చేయకపోవడానికి ఇదే కారణం. క్వెరీ తప్పు చూపించదు, సున్నా రోలు మారాయంటుంది, అంతే.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే ఆ టేబుల్‌లో చాలామందికి రోనే ఉండదు. సెట్టింగ్‌ను ఎప్పుడూ ముట్టుకోనివాళ్లకు మూడుల్ సైట్ డిఫాల్ట్‌ను వాడుతుంది. మీరు అప్‌డేట్ కొడితే మారేది స్వయంగా సెట్టింగ్ మార్చుకున్న ఆ కొద్దిమందికే. అంటే మీరు మార్చాలనుకున్నవాళ్లు ఒక్కరూ మారరు, మార్చకూడనివాళ్లు అందరూ మారతారు. దీనికి సరైన చోటు అడ్మిన్‌లోని నోటిఫికేషన్ సెట్టింగ్స్ పేజీ. అక్కడ ఈమెయిల్‌ను ఆపేసి తాళం గుర్తు వేస్తే యూజర్ ఏం ఎంచుకున్నా మెయిల్ వెళ్లదు. తాళం వేయకుండా ఆపేస్తే రో లేనివాళ్లకు మాత్రమే ఆగుతుంది, సాధారణంగా మనకు కావాల్సిందీ అదే.

అయినా సరే రోలు రాయాల్సిందే అంటే చిన్న పీహెచ్‌పీ స్క్రిప్ట్ రాసి, మూడుల్ సొంత ఫంక్షన్ అయిన సెట్_యూజర్_ప్రిఫరెన్స్‌తో రాయించండి. లాగిన్ అయి ఉన్నవాళ్ల ప్రిఫరెన్సులు సెషన్‌లో కాపీ అయి ఉంటాయి. ఈ ఫంక్షన్ ‘ఇతనివి మారాయి, మళ్లీ చదువు’ అని ఒక గుర్తు పెడుతుంది. నేరుగా డేటాబేస్‌లో మారిస్తే ఆ గుర్తు పడదు. మెయిల్ పంపేది క్రాన్, అది డేటాబేస్‌నే చదువుతుంది కాబట్టి మెయిల్ సరిగ్గానే ఆగుతుంది. కానీ యూజర్‌కు తన పేజీలో పాత సెట్టింగే కనబడుతుంది. మెయిల్ రాదు, స్క్రీన్ మీద మాత్రం ఆన్‌లో ఉన్నట్టుంటుంది. ఇలాంటి ఫిర్యాదుల మూలం పట్టుకోవడానికి చాలా సమయం తింటుంది.

రో లేకపోవడం అనే ఈ సంగతి మూడుల్‌కే పరిమితం కాదు. మీడియావికీలో (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) యూజర్_ప్రాపర్టీస్ టేబుల్ డిఫాల్ట్‌కు భిన్నంగా ఉన్నవాటినే దాస్తుంది. అందుకే వాళ్లు మెయింటెనెన్స్ ఫోల్డర్‌లో యూజర్‌ఆప్షన్స్ అనే స్క్రిప్ట్ ఇచ్చారు, పాత విలువ, కొత్త విలువ చెప్తే అదే చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ మీద బడ్డీప్రెస్ (సభ్యుల సముదాయం కోసం వాడే ప్లగిన్) నడిపేవాళ్లకు, యూజర్‌మెటా టేబుల్‌లో ‘నో’ అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప మెయిల్ వెళ్తుంది, రో లేకపోతే ‘ఎస్’ అన్నట్టే. అక్కడ మెయిల్ ఆపాలంటే అప్‌డేట్ చాలదు, రో లేనివాళ్లకు ఇన్సర్ట్ (కొత్త రో చేర్చడం) కూడా చేయాలి.

అంకెల అర్థాన్ని కూడా ఊహించకండి. డిస్కోర్స్‌లో (ఇంకో ఫోరమ్ సాఫ్ట్‌వేర్) యూజర్_ఆప్షన్స్ టేబుల్‌లోని ఈమెయిల్_లెవెల్‌కు 0 అంటే ఎప్పుడూ పంపు, 1 అంటే సైట్‌లో లేనప్పుడు పంపు, 2 అంటే అసలు పంపకు. గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సాఫ్ట్‌వేర్) నోటిఫికేషన్_సెట్టింగ్స్ టేబుల్‌లో లెవెల్ 0 అంటే ఆపేసినట్టు. గిట్‌ల్యాబ్ అలవాటుతో డిస్కోర్స్‌లో అందరికీ 0 కొట్టారనుకోండి, ఆపుదామనుకున్న మెయిల్ అందరికీ మొదలవుతుంది. నేనైతే ఒక పరీక్ష అకౌంట్‌లో సెట్టింగ్‌ను బ్రౌజర్‌లోంచి మార్చి, ముందూ వెనకా ఆ రోను చూస్తాను. డాక్యుమెంటేషన్ పాతబడొచ్చు, మీ ముందున్న రో మాత్రం మీ వెర్షన్ చెప్పే మాటే చెప్తుంది. అన్నట్టు, డిస్కోర్స్‌లో అడ్మిన్ ఇలాంటి డిఫాల్ట్ మారిస్తే ‘ఉన్న యూజర్లకు కూడా వర్తింపజేయాలా’ అని అదే అడుగుతుంది. మూడుల్‌లో కూడా ఆ ఒక్క డైలాగ్ ఉండి ఉంటే మీరు ఈ ప్రశ్నే అడిగేవారు కాదు.

ఆపడం ఒక ఎత్తు, ఆన్ చేయడం ఇంకో ఎత్తు. మీ విషయంలో మెయిళ్లు తగ్గుతున్నాయి కాబట్టి ఫర్వాలేదు. ఎవరైనా ఇది చదివి ‘మా న్యూస్‌లెటర్ అందరికీ ఆన్ చేద్దాం’ అనుకుంటే మాత్రం ఆగండి. వద్దని స్వయంగా ఆపుకున్న మనిషికి మళ్లీ మెయిల్ వస్తే అన్‌సబ్‌స్క్రైబ్ కోసం వెతకడు, స్పామ్ బటన్ నొక్కుతాడు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన నిబంధనల్లో స్పామ్ ఫిర్యాదుల రేటు 0.3 శాతానికి చేరకూడదని ఉంది. అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు చాలు. ఆ దెబ్బ న్యూస్‌లెటర్‌తో ఆగదు, అదే డొమైన్ నుంచి వెళ్లే పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు కూడా స్పామ్‌లో పడతాయి.

ముందు టెస్ట్ సర్వర్‌లో చేసి చూస్తానంటారా, మంచిదే. కానీ అసలు డేటాబేస్ కాపీని టెస్ట్ సర్వర్‌లో ఎక్కించిన క్షణం నుంచి అందులో నిజమైన మనుషుల నిజమైన అడ్రసులు ఉంటాయి, క్రాన్ కూడా నడుస్తుంటుంది. నేను సాయం చేయడానికి వెళ్లిన ఒక చోట టెస్ట్ సర్వర్ ఇలాగే రాత్రంతా డైజెస్టులు పంపింది, లింకులన్నీ బయటివాళ్లు తెరవలేని అడ్రసుకు. కాన్ఫిగ్ ఫైల్‌లో నోఈమెయిల్‌ఎవర్ అనేది ట్రూ అని పెట్టండి, లేదా డైవర్ట్‌ఆల్‌ఈమెయిల్స్‌టు దగ్గర మీ సొంత అడ్రస్ ఇవ్వండి. డేటాబేస్ ఎక్కించకముందే పెట్టాలి, తర్వాత కాదు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. మెయిళ్లన్నీ మీకే వస్తాయి కాబట్టి ఎవరికి ఏం వెళ్లేదో కళ్లారా చూడొచ్చు.

చివరిగా మీ రెండో ప్రశ్న, అడ్రసుల్లో పాత డొమైన్ తీసి కొత్తది పెట్టడం. ఇది నేరుగా డేటాబేస్‌లో చేయొద్దనే అంటాను, సీఎస్‌వీ దారిలోనే చేయండి. మెయిల్ అడ్రస్ అంటే నోటిఫికేషన్ వెళ్లే చోటు మాత్రమే కాదు, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వెళ్లే చోటు కూడా. ఒక అక్షరం తప్పితే ఆ అకౌంట్ తాళం వేరేవాళ్ల చేతిలో పెట్టినట్టే. మీ యూజర్లు ఎల్‌డాప్ (సంస్థ మొత్తానికి ఉండే యూజర్ల ఉమ్మడి జాబితా) లాంటి చోటు నుంచి సింక్ అవుతుంటే ముందు అక్కడే మార్చాలి, లేకపోతే తర్వాతి సింక్ మీ పని మొత్తాన్ని వెనక్కి తిప్పేస్తుంది.

తప్పనిసరై నేరుగానే చేస్తే రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, మీ సైట్‌లో బౌన్స్‌ల (చేరకుండా తిరిగొచ్చిన మెయిళ్ల) లెక్క పెట్టే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, యూజర్_ప్రిఫరెన్సెస్‌లో ఈమెయిల్_బౌన్స్_కౌంట్, ఈమెయిల్_సెండ్_కౌంట్ అనే రోలు ఉంటాయి. ప్రొఫైల్ పేజీలో అడ్రస్ మారిస్తే మూడుల్ వాటిని సున్నా చేస్తుంది, మీరు నేరుగా మారిస్తే చేయదు. పాత అడ్రస్ చాలాసార్లు బౌన్స్ అయి ఉంటే కొత్త అడ్రస్‌కూ మెయిల్ వెళ్లదు. రెండోది, పాత డొమైన్ తీసి కొత్తది పెట్టే రీప్లేస్ ఫంక్షన్. ఫలానా డొమైన్ ఉన్న అడ్రసులను ఎంచే లైక్ షరతు మామూలు కొలేషన్‌లో (అక్షరాలను పోల్చే నియమాల్లో) పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు, రీప్లేస్ మాత్రం చూస్తుంది. డొమైన్‌ను పెద్దక్షరాలతో కొట్టి రిజిస్టర్ అయినవాళ్లు షరతుకు తగులుతారు గానీ వాళ్ల అడ్రస్ మారదు. తగిలిన రోల అంకె కన్నా మారిన అంకె తక్కువ వచ్చిందంటే సాధారణంగా వీళ్లే. కమిట్ చేయకముందు వాళ్లను విడిగా సెలెక్ట్ చేసి చూసుకోండి.